మీరా సాహెబ్ కల్పించిన నాలుగు మాటలు

నరసరావుపేట కోర్టు ఎదురుసందులో అర్జీలు రాసే మీరా సాహెబ్‌కు పరాయి దేశంతో తగాదా వస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, అందరికంటే గట్టిగా ఆయనే నవ్వి ఉండేవాడు. పిడుగురాళ్ళ దాటి అవతలికి వెళ్ళాలన్నా పది సాకులు వెతికే మనిషి. పాస్‌పోర్టు లేదు. విమానం ఎలా ఉంటుందో మబ్బుల్లో పోయేటప్పుడు చూడటమే. అలాంటివాడు కుర్చీలోంచి లేవకుండా రెండు ప్రభుత్వాల మధ్య నిప్పు పెట్టాడు. తెలియని పని చేసి పెట్టాడా అంటే అదీ కాదు, ముప్పై ఒక్క ఏళ్ళుగా చేస్తున్న పనే చేశాడు.

మొదట్లో కోర్టు అరుగు మీద టైపు మిషను పెట్టుకుని కూర్చునేవాడు. తర్వాత సందులో చిన్న గది, గదిలో కంప్యూటరు, ఇప్పుడు చేతిలో ఫోను. కాలం ఎటు తిరిగితే తనూ అటు తిరిగాడు. గది మీది బోర్డు చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది: "అర్జీలు, ఫిర్యాదులు, ఆన్‌లైన్ గ్రీవెన్సులు, ట్వీట్లు రాయబడును." ఆ చివరి మాట పోయిన ఏడాది ఎర్ర రంగుతో కలిపించాడు. ఆయన భార్య హజ్రా బీ అది చూసి, "ఇంకేం, ఢిల్లీ దాకా నీ నోరే వినపడుద్ది" అంది. ఆమె వెటకారం ఆయనకు పొగడ్తలా వినిపించింది.

ఆయన పనికి ఒకటే సూత్రం. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఫైలు కదలదు. మురుగు కాలువ దగ్గర ఇద్దరు ఒకరినొకరు తిట్టుకుంటే ఆయన అర్జీలో కర్రలూ రాళ్ళూ లేచేవి, ప్రాణభయంతో పిల్లాపాపలతో బిక్కుబిక్కుమంటూ బతకడం ఉండేది. ఆడమనిషి తరఫున రాస్తే కొట్టడం, అన్నం పెట్టకపోవడం, గదిలో పెట్టి తాళం వేయడం తప్పనిసరి. ఈ వాక్యాలు కంప్యూటర్లో తయారుగా ఉండేవి, పేర్లు మార్చడమే తరువాయి. ఇది మోసమని ఆయన ఎన్నడూ అనుకోలేదు. స్టేషన్లో ఎస్సై అయినా, ఆఫీసులో తాసిల్దారైనా మీరా సాహెబ్ అర్జీ చేతికి రాగానే సగం కొట్టేసి చదువుతాడు. మిగిలిన సగమే అసలు సంగతి. అర్జీ ఇచ్చినవాడికీ, పుచ్చుకున్నవాడికీ, రాసినవాడికీ ఈ లెక్క తెలుసు. పల్నాడులో ఎవరూ దీన్ని తప్పు పట్టలేదు.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. అర్జీ కింద సంతకమో వేలిముద్రో అర్జీదారుది. రాసినవాడి పేరు ఎక్కడా ఉండదు.

ఆయన దగ్గరికి కృపావరం వచ్చింది సంక్రాంతి వెళ్ళిన వారానికి. నూజెండ్ల దగ్గర పల్లె. తాపీ మేస్త్రి. మాటలు తక్కువ, గోడకు ఆనుకుని నిలబడటం ఎక్కువ. భార్య నిరోష గల్ఫులో ఒక ఇంట్లో వంటకూ, ఆ ఇంటి ముసలావిడను కనిపెట్టుకుని ఉండటానికీ వెళ్ళింది. రెండేళ్ళ ఒప్పందం. అది ముగిసి ఎనిమిది నెలలైనా యజమాని పంపడం లేదు. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. నిరోష పెడితే తప్ప ఆ ముసలావిడ ముద్ద ముట్టదట, అందుకని. శుక్రవారం పది నిమిషాలు ఫోను మాట్లాడనిస్తారు, అదీ స్పీకరు పెట్టి, ఇంట్లోవాళ్ళ ఎదురుగా.

"కొడతన్నారా అమ్మాయిని?" అని అడిగాడు మీరా సాహెబ్.

"లేదంట బాబాయ్. బాగానే చూస్తన్నారంట. పంపట్లా, అంతే."

మీరా సాహెబ్‌కు ఆ జవాబు రుచించలేదు. కేసులో పస లేదనుకున్నాడు. అయినా విదేశాంగ శాఖ పోర్టల్ తెరిచి ఫిర్యాదు నింపాడు. ఆ పోర్టల్ ఆయనకు అసలు నచ్చలేదు. అన్నీ గడులు. కారణం అన్న చోట నాలుగైదు మాటలు ముందే రాసి ఉంటాయి, వాటిలో ఒకటి నొక్కాలి. వివరాలు రాసుకోవడానికి ఇచ్చిన జాగాలో ఆయన మొదటి వాక్యమే పట్టదు. చేసేది లేక, ఒప్పందం ముగిసింది, ఇంటికి పంపించండి, అని ముక్తసరిగా రాసి పంపాడు. ఇంత చప్పటి అర్జీ తన చేతి మీదుగా వెళ్ళినందుకు ఆ రోజంతా ఆయనకు చిరాకుగానే ఉంది.

తర్వాత అయిదు వారాలు కృపావరం సోమవారం సోమవారం వచ్చేవాడు. మీరా సాహెబ్ ఫిర్యాదు నంబరు కొట్టేవాడు. "పరిశీలనలో ఉంది" అని వచ్చేది. ఒక్కొక్కప్పుడు ఫోను పాడైందేమోనని కంప్యూటర్లో చూసేవాడు. అక్కడా పరిశీలనే. కృపావరం లేని రోజుల్లో కూడా పొద్దున్న గది తాళం తీయగానే అదే చూసుకోవడం అలవాటైంది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఎడమ చేత్తో చూసేవాడు. హజ్రా బీ కంచం తన వైపు లాక్కుని, "అది తింటావా, ఇది తింటావా?" అనేది.

ఆరో సోమవారం కృపావరం గోడకు ఆనుకోలేదు. బెంచీ మీద కూలబడ్డాడు.

"శుక్రవారం అది ఏం మాట్లాడలా బాబాయ్. ఊరికే ఏడ్చింది. ఏమైందే అంటే జలుబు చేసిందన్నది. జలుబుకి ఎవురన్నా అట్టా ఏడుస్తారా?"

ఆ మాటతో మీరా సాహెబ్‌లో పాత మనిషి లేచాడు. పోర్టల్‌ను నమ్ముకుంటే ఈ అమ్మాయి రాదనుకున్నాడు. ఫోను తీసి ట్విట్టర్ తెరిచాడు, ఆ ఖాతా మీద కూడా ఆయన పేరు లేదు. ఏడు ముక్కలుగా, ఒకదాని కింద ఒకటి, గంట సేపు రాశాడు. కోర్టు కాగితంలో ముద్దాయి పేరు ఎలా రాస్తారో ఆ యజమాని పేరూ, తండ్రి పేరూ, ఊరూ, వీధీ, ఇంటి నంబరూ వీసా కాగితం చూసి అలాగే రాశాడు. వంటింట్లో ముసలావిడ పక్కన నిలబడి నిరోష ఎప్పుడో పంపిన ఫొటో పెట్టాడు. మంత్రికి, ఎంబసీకి, పేరున్న చానళ్ళకు తగిలించాడు. ఇక అసలు విషయం. నిరోషను కొడుతున్నారు. అన్నం పెట్టడం లేదు. గదిలో పెట్టి తాళం వేస్తున్నారు. ఈ మూడూ కంప్యూటర్లో తయారుగా ఉన్నవే. నాలుగోది అప్పటికప్పుడు తట్టింది. ఆమెను ప్రార్థన చేసుకోనివ్వడం లేదు.

పైకి చదివి వినిపిస్తే కృపావరం కంగారుపడ్డాడు. "కొడతన్నారని నేను చెప్పలా గదా బాబాయ్?"

"నువ్వు చెప్పలా, నేను రాశా. చదివేవోడు సగం తీసేసుకుంటాడు లేరా. నువ్వు నోరు మూసుకోని కూర్చో."

"ఆళ్ళు చూస్తే?"

"తెలుగులో రాస్తే అరబ్బోడికేం తెలుసుద్ది? ఢిల్లీలో మాత్రం తెలుగోళ్ళకి కరువా?"

సాయంత్రానికి పదివేల మంది చూశారు. మర్నాటికి లక్ష. మీరా సాహెబ్ కాలు నేల మీద నిలవలేదు. టీ కొట్టుకు వెళ్ళేవాడు, గ్లాసు అందుకోకుండానే వెనక్కి వచ్చేవాడు, ఫోను చూసేవాడు, ఎవరికో చూపించేవాడు. మూడో రోజు ఒక చానల్లో చర్చ పెట్టారు. నలుగురు కూర్చుని నిరోష పేరు తప్పు పలుకుతూ గంటసేపు అరుచుకున్నారు. మొదటి మూడు మాటలను ఎవరూ పట్టించుకోలేదు. నాలుగోదాని మీదే పడ్డారు. ఆ దేశం ఖర్జూరాలు కొనకండని ఇక్కడ కొందరు పిలుపిచ్చారు. ఇండియా పనివాళ్ళను పంపించేయండని అక్కడ కొందరు బదులిచ్చారు. నూజెండ్ల ఎక్కడుందో ఈ రెండు గుంపుల్లో ఒక్కడికీ తెలియదు.

హజ్రా బీ ఆ చర్చ కాసేపు చూసి టీవీ కట్టేసింది. "కొట్టారంటివి, తిట్టారంటివి, సరే. నమాజు చేసే ఇంట్లో ఆ పిల్లను దేవుడికి దణ్ణం పెట్టుకోనియ్యలేదని రాయటానికి నీకు చెయ్యెట్టా వచ్చింది?"

"కేసు బలంగా ఉండాలని."

"ఎవురి మీద బలంగా?"

అప్పటికే ఆయన ఫోన్లో అరబ్బీ అక్షరాలు చీమల బారుల్లా దిగుతున్నాయి. ఆయనకు ఖురాను చదవడం వచ్చు గానీ ఆ భాష రాదు. కింద చిన్న అక్షరాలతో ఉన్న మీట నొక్కితే ఆ అరబ్బీ తెలుగైంది. యజమాని పేరు పెట్టి పిలిచి అతని దేశంవాళ్ళే ఉమ్మేస్తున్నారు. ఇంకొందరు అతని పక్షాన నిలిచి, ఇది రాసినవాడు అబద్ధాలకోరని తిడుతున్నారు. అప్పుడు తట్టింది మీరా సాహెబ్‌కు. ఆ మీట వాళ్ళ ఫోన్లలోనూ ఉంటుంది. తను తెలుగులో రాసిన ఏడు ముక్కలూ అక్కడ ఎవరికి వాళ్ళు సొంత భాషలో చదువుకున్నారు. యంత్రం ఒక్క మాటలో కూడా తప్పు చేయలేదు. సగం తీసేసుకుని చదవాలన్న సంగతి మాత్రం అది ఎవరికీ చెప్పలేదు.

భయపడి మొత్తం చెరిపేశాడు. వారం తర్వాత ఒక రోజు పదకొండింటికి, గదిలో ఇద్దరు అర్జీదారులు కూర్చుని ఉండగా, కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. పోర్టల్ ఫిర్యాదులోని నంబరు చూసి చేసింది ఆ దేశంలోని మన ఎంబసీ అధికారి. పేరు విని ఉర్దూలోనే మాట్లాడాడు, మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాదకే మీరా సాహెబ్ కుర్చీలోంచి లేచాడు.

"సాహెబ్, మీరు రాయడానికి అయిదు రోజుల ముందే ఆ యజమాని ఒప్పుకున్నాడు. రాబోయే రంజాన్ వెళ్ళగానే పంపిస్తానన్నాడు. నేను రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళతో కూర్చుని కాఫీ తాగి ఒప్పించాను."

"మరి పోర్టల్లో పరిశీలనలో ఉంది అనే వచ్చింది కదా సార్."

"పరిశీలన అంటే అదే సాహెబ్."

తర్వాత అధికారి చెప్పినదంతా మీరా సాహెబ్ నిలబడే విన్నాడు. ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఒప్పందం ముగిశాక యజమాని అనుమతి లేకుండానే తిరిగి వచ్చేలా ఒక నిబంధన కోసం రెండు దేశాల అధికారులు చాలా నెలలుగా కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మొన్నటి సమావేశంలో అవతలివైపు పెద్దమనిషి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మీరా సాహెబ్ రాసిన ఏడు ముక్కలూ, అరబ్బీలో అచ్చు వేయించినవి. ఇందులో ఏది నిజమో చూపించండి, ఆ తర్వాత నిబంధనల సంగతి చూద్దాం, అన్నాడు. మనవాళ్ళ దగ్గర చూపించడానికి ఏమీ లేకపోయింది. సమావేశం వాయిదా పడింది.

"నిరోష?" అన్నాడు మీరా సాహెబ్.

"యజమాని పరువు తీశారని పోలీసు కేసు పెట్టాడు. ఫొటో పంపింది ఆమె కాబట్టి ఆమె మీద. కేసు తేలేదాకా దేశం విడిచి పోవడానికి లేదు. నేరమని తేలితే శిక్ష కూడా పడవచ్చు."

దీనికి దారి ఒక్కటే ఉందన్నాడు ఆయన. రాసినవాడే ముఖం చూపించి, పేరు చెప్పి, అవన్నీ కల్పించి రాశానని వీడియోలో ఒప్పుకోవాలి. అలా చేస్తే కేసు ఉపసంహరించుకుంటానని యజమాని మాట ఇచ్చాడు.

ఎదురుగా కూర్చున్న అర్జీదారులను రేపు రమ్మని పంపేసి మీరా సాహెబ్ సందులోకి వచ్చాడు. కాలుగాలిన పిల్లిలా ఆ చివర నుంచి ఈ చివరికి తిరిగాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఏ కాగితం మీదా పేరు లేని మనిషి. అబద్ధాలు రాశానని ముఖం చూపించి చెబితే రేపటి నుంచి ఎవరు అర్జీ రాయించుకుంటారు? ఇన్నాళ్ళూ రాసినవి ఎవరు తిరగదోడతారో? చెప్పకపోతే ఆ పిల్ల జైలుకు పోతుంది. ఈ సంగతి కృపావరానికి తనే చెప్పాలి. ఫోను చేసి పిలిపించాడు. ఎక్కడో గోడ పని మధ్యలో వదిలేసి, చేతులకు సిమెంటుతో వచ్చాడు అతను. అంతా విని తిట్టలేదు, కొట్టలేదు.

"దానికి జైలా బాబాయ్?" అన్నాడు. తర్వాత మీరా సాహెబ్ ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని మీరా సాహెబ్‌కు అనిపించింది.

వీడియో మర్నాడు మధ్యాహ్నం గది తలుపు మూసి తీశారు. ఫోను హజ్రా బీ పట్టుకుంది. మొదటిసారి మీరా సాహెబ్ చేతులు జోడించి, గద్గద స్వరంతో, అజ్ఞానంతో చేసిన ఈ మహాపరాధాన్ని అని మొదలుపెట్టి, మహా ఘనత వహించిన ఆ దేశపు ప్రభువులకు శతకోటి సలాములు చెప్పి, పశ్చాత్తాపంతో కుమిలి కృశించి మంచం పట్టానని కూడా చేర్చాడు. ఎంబసీ అధికారికి పంపితే రెండు నిమిషాల్లో ఫోను వచ్చింది. "సాహెబ్, దయచేసి ఇది వద్దు. మళ్ళీ అదే చేస్తున్నారు."

రెండోసారీ కుదరలేదు. మూడోసారి హజ్రా బీకి విసుగొచ్చింది. "నువ్వేం మంచం పట్టలా, పొద్దున్నే పెసరట్లు తిన్నావు. నాలుగు రాశావు, నాలుగూ అబద్ధమని చెప్పు. అంతే. ఊపిరి పీల్చుకోని చెప్పు."

నాలుగోసారి చెప్పాడు. నా పేరు షేక్ మీరా సాహెబ్. నరసరావుపేట. నిరోషను కొట్టలేదు. అన్నం పెట్టకుండా ఉండలేదు. గదిలో పెట్టి తాళం వేయలేదు. ప్రార్థన చేసుకోకుండా ఆపలేదు. ఈ నాలుగూ నేను కల్పించాను. అల్లా మీద ఒట్టు. ఇలా ఏ అలంకారమూ లేకుండా మాట్లాడుతుంటే బట్టల్లేకుండా బజార్లో నిలబడ్డట్టుంది ఆయనకు. నలభై సెకన్లు కూడా పట్టలేదు.

ఆ ఏడు ముక్కలకంటే ఆ వీడియోనే ఎక్కువ మంది చూశారు. నూజెండ్ల చుట్టుపక్కల ఫోనున్న ప్రతి మనిషీ చూశాడు. వారం తిరక్కుండానే కోర్టులో ఒక ప్లీడరు, అవతలి పక్షం అర్జీ రాసింది ఈయనే అని చెప్పి జడ్జిగారి ముందు ఆ వీడియో పెట్టించాడు. కోర్టు అంతా నవ్వింది. అర్జీల మీరా సాహెబ్ కాస్తా అబద్ధాల మీరా సాహెబ్ అయ్యాడు. గది ముందు బెంచీ మీద ఇప్పుడు నీడ కోసం కూర్చునేవాళ్ళే ఉంటున్నారు. పొద్దుపోక ఆయన ఊరికే కుర్చీలోంచి లేచేవాడు, బయటికి వచ్చేవాడు, మళ్ళీ వెళ్ళి కూర్చునేవాడు. పోర్టల్ చూసుకోవడం మాత్రం మానలేదు.

యజమాని మాట తప్పలేదు. మూడు వారాలకు కేసు తీసేశాడు, రంజాన్ వెళ్ళిన పది రోజులకు నిరోషను విమానం ఎక్కించాడు. ఆగిపోయిన సమావేశం మళ్ళీ మొదలైందని, ఇంకో నెలలో ఒప్పందం మీద సంతకాలు కావచ్చని పేపర్లో ఓ మూల నాలుగు లైన్లు వచ్చాయి. మీరా సాహెబ్ ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాడు.

నిరోష వచ్చిన రెండు వారాలకు ఒక మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ ఖర్జూరం పెట్టె పట్టుకుని గదికి వచ్చారు. కృపావరం మనిషి మారిపోయాడు, గోడకు ఆనుకోకుండా గది మధ్యలో నిలబడి గట్టిగా మాట్లాడుతున్నాడు. నిరోష మనిషి సన్నం. తలుపు దగ్గర కుర్చీ వేస్తే, దాన్ని ఇంకొంచెం గుమ్మం వైపు జరుపుకుని కూర్చుంది. "మామయ్యా, బాగున్నారా?" అని అడిగింది. కృపావరం టీలు చెప్పి వస్తానని కొట్టు దగ్గరికి వెళ్ళాడు.

అతను సందు దాటేదాకా చూసి ఆమె అడిగింది. "మామయ్యా, తాళం ఏసేవాళ్ళని మీకెట్టా తెలిసింది?"

మీరా సాహెబ్‌కు అర్థం కాలేదు. "ఏం తాళం అమ్మా?"

"గదికి. ముసలామెకి మతి సరిగా ఉండదు. తలుపు తీసుంటే రోడ్డు మీదకి పోయేది. అందుకని నన్నూ ఆమెనీ ఒక గదిలో పెట్టి బయట తాళం ఏసేవాళ్ళు. పొద్దున నుంచి మాపటి దాకా. వాళ్ళు ఊరెళ్తే రెండు రోజులు కూడా. రొట్టెలూ నీళ్ళూ లోపల పెట్టి పోయేవాళ్ళు. ఒకరోజు పక్కింట్లో ఏసీ కాలి పొగంతా మా గదిలోకి వచ్చింది. తలుపు బాదీ బాదీ చేతులు వాచినయ్. ఎవురూ రాలా. ముసలామె నన్ను పట్టుకోని వదల్లా. ఆ తర్వాత వచ్చిన శుక్రవారమే, ఫోన్లో నాకు మాట రాలా."

మీరా సాహెబ్ కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

"కొట్టలా మామయ్యా, ఆ మాట అనకూడదు. అన్నం పెట్టారు. ప్రార్థన చేసుకుంటే ఆమె కూడా నా పక్కనొచ్చి కూర్చునేది. మీరు రాసిన నాలుగిట్లో తాళం ఒక్కటే నిజం. పోలీసులు మీ కాగితం చదివి హిందీలో చెప్పించారు. తాళం మాట రాగానే ఒళ్ళు ఝల్లుమన్నది నాకు. ఈయనక్కూడా చెప్పలా నేను, బాధపడతాడని. యాడో నరసరావుపేటలో కూర్చోని మీకెట్టా తెలిసిందా అనుకున్నా. పోలీసులు నిజమేనా అంటే, ఇంటాయన పక్కనే ఉన్నాడు, కాదన్నా. మీరొక్కరన్నా రాశారు గదా అనుకున్నా. తర్వాత మీ వీడియో చూపిచ్చారు."

"నాకు తెలవదమ్మా," అన్నాడు మీరా సాహెబ్. "ఆడోళ్ళ అర్జీలన్నిట్లో అదే రాస్తా."

ఆ మాట అంటూంటే ఆయనకు ఆ ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎందరు ఆ బెంచీ మీద కూర్చున్నారో. ఆ వాక్యం చదివి వినిపించినప్పుడు కొందరు తల వంచుకునేవాళ్ళు. ఒకామె చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తన రాత బాగుండి ఏడుస్తున్నారనుకున్నాడు. నీకు నిజంగా తాళం వేశారా అమ్మా అని ఒక్కర్ని కూడా అడగలేదు. ఆయనకు సిగ్గేసింది. కూర్చోలేక లేచి నిలబడ్డాడు.

నిరోష గొంతు తగ్గించింది. "మొన్న ఆదివారం చర్చిలో, దేవుడు నన్నెట్టా కాపాడాడో సాక్ష్యం చెప్పమన్నారు మామయ్యా. ఆ పొగ రోజు సంగతి చెప్పబోయా. తాళం అనగానే వెనకాల ముసిముసి నవ్వులు. అందరూ మీ వీడియో చూసినోళ్ళే. ఉన్నదే చెప్పమ్మా అన్నారు పాస్టరు గారు. ఇంటికొచ్చాక ఈయన కూడా, అవన్నీ బాబాయ్ కల్పించినయ్యి గదే, మళ్ళీ ఎందుకు తీస్తావు, అన్నాడు. తలుపేస్తే నాకు ఊపిరాడట్లా. ఎందుకంటే ఏం చెప్పను? అబద్ధమని చెప్పింది మీరే గదా. నిజమని కూడా మీరే చెప్పండి. ఊరికి ఒద్దు. ఈయన ఒక్కడికి చెప్పండి చాలు."

ఊరికి చెప్పడానికి వీలు లేదని ఆయనకూ తెలుసు. ఇప్పుడు మళ్ళీ ఆ మాట ఫోనెక్కితే మళ్ళీ అరబ్బీలో అచ్చవుతుంది, ఆ బల్ల మీదికే పోతుంది. సంతకాల కోసం అక్కడ ఎందరు నిరోషలు ఎదురుచూస్తున్నారో. కానీ ఒక్క మనిషికి, ఈ గదిలో, నోటితో చెప్పడానికి ఏ అడ్డమూ లేదు.

కృపావరం మూడు గ్లాసులు పట్టుకుని వచ్చాడు. మీరా సాహెబ్ అతని చేతిలోంచి గ్లాసులు తీసుకుని బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చోబెట్టాడు. "కృపావరం, ఇనరా. అమ్మాయికి అక్కడ తాళం ఏసేవాళ్ళంట. ఆమెనీ ఆ ముసలామెనీ గదిలో పెట్టి. ఒకరోజు పొగొచ్చిందంట, తలుపు ఎవురూ తియ్యలేదంట. అది నిజం." ఒక్క మాట కూడా ఎక్కువ చేర్చలేదు.

కృపావరం ఆయన వంక చూశాడు, భార్య వంక చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"ఇంకా పోలా నీకా అలవాటు? ఊరుకో బాబాయ్. పిల్ల ఇంటికొచ్చింది, కేసు పోయింది, ఇంక ఎవురికి రాయాలని?"

"రాయటానికి కాదురా. నిజం చెబుతున్నా. అల్లా మీద ఒట్టు."

"వీడియోలో కూడా అల్లా మీద ఒట్టేసే చెప్పావుగా, తాళం ఎయ్యలేదని." కోపంగా కాదు, ప్రేమగానే అన్నాడు, పెద్దాయన భుజం తట్టి మరీ అన్నాడు. టీ గ్లాసు తీసుకుని ఊదుకుంటూ తాగాడు.

మీరా సాహెబ్ ఇంకేదో చెప్పబోయాడు. ఏం చెప్పినా కల్పించినట్టే ఉంటుందని ఆయనకే అనిపించింది.

నిరోష గ్లాసు ముట్టుకోలేదు. చెంగు సర్దుకుని లేచింది. "పోదాం పా, వినుకొండ బస్సు పోద్ది" అంది మొగుడితో. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా మీరా సాహెబ్ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె మళ్ళీ ఆయన వైపు చూడలేదు.